మేళలో దీర్ఘం

రామాంజినప్ప నిచ్చెన ఎక్కేముందు చెప్పులు విడిచి, మొదటి మెట్టును తాకి చేతిని కళ్లకద్దుకునేవాడు. నాకు నవ్వొచ్చేది. "పడిపోతే దేవుడు పట్టుకుంటాడా అన్నా?" అని అడిగితే, "దేవుడు కాదమ్మా, నిచ్చెన పట్టుకుంటాది. దానికి మర్యాద ఇయ్యల్ల" అనేవాడు.

బెంగళూరులో ఒక ట్రస్టు వాళ్లు నడిపే చిన్న మ్యూజియంలో నేను టికెట్లు చింపేదాన్ని. ఇప్పటికీ అదే పని, అందుకే దాని పేరు చెప్పను. రామాంజినప్ప అక్కడ పెయింటరు. అద్దాల బీరువాల ముందు పెట్టే చీటీలు, "ముట్టరాదు" బోర్డులు, మెట్ల మీద బాణం గుర్తులు, ఏటా ఎండాకాలం సెలవుల్లో పెట్టే ఎగ్జిబిషన్‌కి గేటు మీద కట్టే పెద్ద బోర్డు అన్నీ ఆయన చేతివే. పదేళ్లుగా రోజుకూలీ మీదే ఉన్నాడు. రిజిస్టర్లో సంతకం ఉండేది కాదు, వాచ్‌మన్ మల్లయ్య ఒక నోట్‌బుక్కులో ఆయన పేరు పక్కన టిక్కు పెట్టేవాడు.

ఆయనది కాటన్‌పేట. తాతల నాటినుంచీ అక్కడే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగు. వాళ్ల నాయన మండీల్లో గోనె సంచుల మీద సరుకు పేరు, పోవాల్సిన ఊరి పేరు కుంచెతో రాసేవాడు. అనంతపురం, కదిరి, హిందూపురం పోయే సంచులు కాబట్టి తెలుగులోనే రాసేవాడు. ఆరేళ్ల పిల్లవాడి చెయ్యి పట్టుకుని గోనె మీదే దిద్దించాడట. గరుకు గోనె మీద కుంచె ఆగకుండా లాగాలి, ఆగితే సిరా పీల్చుకుని అక్షరం ఉబ్బిపోతుంది. రామాంజినప్ప కన్నడం బడిలో నేర్చుకున్నాడు, అదీ నాలుగో తరగతి దాకా. తర్వాత అంగళ్ల బోర్డులు రాస్తూ రాస్తూ చెయ్యి తిరిగింది. పెన్సిలు గీత గానీ, సుద్ద దారం గానీ వాడడు. దూరంగా నిలబడి ఖాళీ బోర్డును కాసేపు చూసి, ఎడమనుంచి మొదలుపెట్టి కుడివైపు అంచుకు సరిగ్గా తెచ్చి ఆపేవాడు. ఆ కొలత కంట్లో ఎలా కూర్చుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తెలుగు, కన్నడం లిపులు అక్కాచెల్లెళ్లని అందరూ అంటారు. పోలికలు ఉన్న అక్కాచెల్లెళ్లతోనే చిక్కు. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా పడుకుంటుంది. మనం 'మే' రాయాలంటే ఏత్వం నెత్తిమీద పెడితే పని అయిపోతుంది. కన్నడంలో అట్లా కుదరదు. నెత్తిమీద గుర్తు పెట్టాక, అక్షరం పక్కన కొక్కెంలా ఒక తోక విడిగా తగిలించాలి. ఆ తోకే దీర్ఘం. అది లేకపోతే కన్నడం వాడి కంటికి అక్షరం కుంటినట్టు కనిపిస్తుంది. ఇదంతా రామాంజినప్పే నాకు చెప్పాడు, నేను బస్సు బోర్డులు చదవలేక అవస్థ పడే రోజుల్లో. మాది గుంటూరు వైపు. పెళ్లయి యలహంకకు వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఇది తొంభై ఎనిమిది ఏప్రిల్ మాట. ఆ జనవరిలో హేమంత్‌కుమార్ గారు డైరెక్టరుగా వచ్చారు. మంచివాడే. గొంతు పెంచడు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. కాకపోతే మ్యూజియం గుండుసూది మ్యూజియంలోనే ఉండాలనే మనిషి. వచ్చిన వారానికే కంప్యూటరుతో అక్షరాలు కత్తిరించి అంటించే కంపెనీ వాడొకడు ఆయన గదిలో కూర్చుని ఉండటం చూశాను. ఆ సాయంత్రం ఆయన రామాంజినప్పను పిలిచి సూటిగానే చెప్పారు. ఈసారి ఎండాకాలం బోర్డు చూసి ట్రస్టు పెద్దలు తేల్చుకుంటారు. బాగుంటే పెయింటరు పోస్టు పర్మనెంటు చేసి ఆయనకే ఇస్తారు. లేదంటే ఇక చేతిరాత ఉండదు.

ఆ ఏడు ఎగ్జిబిషన్ పాత ఆటబొమ్మల మీద. చన్నపట్నం కొయ్యబొమ్మలు, తాటాకు గిలకలు, గవ్వలు, వామనగుంటల పీటలు. ఆదివారం ప్రారంభం. కుటుంబాలు కుటుంబాలుగా రావాలని పోటీలు పెట్టారు. తాత మనవడికి బొంగరం నేర్పాలి, అమ్మ కూతురితో అచ్చంగాయలు ఆడాలి. బోర్డు మీద రాయాల్సింది రెండే మాటలు, 'బేసిగె మేళ'. అంటే వేసవి సంత. ఇరవై అడుగుల పొడవు, తెల్ల ఎనామిల్ మీద నీలం అక్షరాలు, కుడి చివర ఒక చన్నపట్నం బొమ్మ.

ఇక్కడ నా పాపం చెప్పుకోవాలి. యలహంకలో మా తెలుగు చర్చిలో సోమవారం నుంచి పిల్లలకు వేసవి బైబిలు తరగతులు. గేటుకు చిన్న బోర్డు కావాలి. శనివారం పొద్దున రేకు ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చి, "అన్నా, లంచ్ టైంలో కొంచెం రాసిపెట్టరా, ఫోర్ వర్డ్స్ అంతే" అని బతిమాలాను. ఆయన అప్పటికి 'బేసిగె' ముగించి కుంచె తుడుస్తున్నాడు.

"తెలుగులోనా?" అన్నాడు. ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో. "మా నాయన పోయినాంక నేను తెలుగు రాసిందే లేదమ్మా. సొల్ప నిలుచుకో, అన్నం టైముకు రాసిస్తా."

లంచ్ టైం కాగానే అన్నం డబ్బా పక్కన పెట్టేసి, పెద్ద బోర్డుకు తెచ్చిన నీలంతో, అదే కుంచెతో రేకు మీద 'వేసవి' అని రాశాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. గోనె మీద లాగినట్టు లాగాడు. నాలుగు మాటలూ అయ్యాక వెనక్కి జరిగి, చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆ ఊపు మీదే పెద్ద బోర్డు దగ్గరికి పోయి 'మేళ' రాసేశాడు. సాయంత్రం నలుగురు కూలీలు వచ్చి బోర్డును గేటు కమాను మీదికి ఎక్కించి ఇనుప తీగతో బిగించారు. డైరెక్టరు గారు కిందినుంచి చూసి తల ఊపారు. అందరమూ చదివాం, అందరికీ 'బేసిగె మేళ' అనే వినిపించింది.

ఆదివారం ఎనిమిదింబావుకు నేను కిటికీ తీసి టికెట్ల కట్టలు సర్దుకుంటున్నాను. పది గంటలకు ప్రారంభం. గేటు బయట ఒకతను తలెత్తి నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో కన్నడ జెండా రంగుల ఎరుపు పసుపు కండువా. నన్ను చూసి దగ్గరికొచ్చి కన్నడంలో అడిగాడు.

"మేడం, ఇది ఏ భాష?"

"కన్నడమే కదండీ."

"మొదటి మాట కన్నడం. రెండోది?"

తల బయటికి పెట్టి చూశాను. మొదటి మాటను నేను ఎప్పట్లా కూడబలుక్కోవాల్సి వచ్చింది. రెండోది ఇట్టే చదివేశాను. అంత సులువుగా చదవగలిగేసరికే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. 'మే' నెత్తిమీద మన ఏత్వం నిగనిగలాడుతోంది. పక్కన తోక లేదు. 'ళ' కూడా అచ్చంగా మన ళ.

"నా కూతురు ఒకటో తరగతి" అన్నాడతను. కోపంగా అనలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "నిన్న సాయంత్రం ఇటు పోతూంటే, ఈ అక్షరానికి దీర్ఘం ఏదప్పా అని అడిగింది. మా ఊళ్లో, పిల్లల కోసం పెట్టిన మేళలో, మా అక్షరం మాకు లేదా? తొమ్మిదిన్నరకు మావాళ్లతో వస్తాను. ఆ లోపు అది సరిగ్గా ఉండాలి, లేకపోతే నల్లగా ఉంటుంది."

ఆ నెలంతా ఊళ్లో బోర్డుల గొడవ నడుస్తోంది. కన్నడం లేని బోర్డులకు తారు పూయడం రోజూ వింటున్నదే. వాడెవడో తమాషాకి అన్నాడనుకునే పరిస్థితి కాదు.

ఎనిమిదిన్నరకు రామాంజినప్ప వచ్చాడు, ఉతికిన పంచె కట్టుకుని. ఆ వేళ ట్రస్టు పెద్దలు వస్తారు కదా. నేను చెప్పేలోపే ఆయన కళ్లు పైకి పోయాయి. కుడిచెయ్యి గాలిలో మెల్లగా 'మే' రాసింది, ఆగింది.

"ఇది నా చెయ్యి కాదు. మా నాయన చెయ్యి వచ్చేసిండాది" అన్నాడు.

ఏడవడానికి కూడా టైము లేదు. బోర్డు దించాలంటే నలుగురు కావాలి, ఉన్నది మోకాళ్ల నొప్పుల మల్లయ్య. డైరెక్టరు గారు తొమ్మిదింటికి వస్తారు. రామాంజినప్ప లోపలికి పరుగెత్తి నిచ్చెన, రెండు డబ్బాలు, టర్పెంటైను సీసా, పాతగుడ్డలు తెచ్చాడు. ఆ రోజు మెట్టుకు మొక్కాడో లేదో నేను చూడలేదు. నిచ్చెన నేను పట్టుకున్నాను.

అసలు చిక్కు పైకి ఎక్కాక తెలిసింది. తోక తగిలించడానికి జాగా లేదు. 'మే'కీ 'ళ'కీ మధ్య రెండు వేళ్ల సందు. తెలుగు లెక్కన సరిగ్గా వదిలిన సందు. కన్నడం తోకకు జానెడు కావాలి. అంటే 'ళ'ను మొత్తం తుడిచి కుడికి జరపాలి, కుడికి జరిపితే చన్నపట్నం బొమ్మ చెయ్యి తెగాలి.

"బొమ్మ చెయ్యి పోతే పోనీలే అన్నా!" అని కిందినుంచి అరిచాను.

"ఆ చెయ్యికే నిన్న రెండు గంటలు పట్టిండాది" అన్నాడు గాని, గుడ్డను టర్పెంటైనులో ముంచాడు.

నిన్నటి నీలం పూర్తిగా ఆరలేదు. తుడిచేకొద్దీ అక్షరం పోయి మేఘంలా పరుచుకుంది. తెల్లబోర్డు మీద రెండడుగుల మేర మురికి నీలం. దాని మీద తెలుపు వేస్తే తెలుపు కూడా నీలంగా మారింది. ఎండ చుర్రుమంటోంది. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడే గేటు బయట జనం మొదలయ్యారు. తాతలు, పిల్లలు, చేతుల్లో బొంగరాలు. ఓ పాప వాళ్ల అమ్మను, "ఆ తాత ఎందుకు చెరుపుతున్నాడు?" అని అడుగుతోంది. ఆయన తొందరలో కిందికి వంగి నాతో మెల్లగా అన్నాడు.

"మార్తమ్మా, నీ రేకు బోర్డు మాట ఎవురికీ చెప్పొద్దు. ఎవురేమడిగినా నేను మాట్లాడుకుంటా."

ఎందుకని అడగబోయేంతలో డైరెక్టరు గారి కారు ఆగింది. ఆయన దిగి, పైకి చూసి, నావైపు చూశారు. విషయం చెప్పాను, రేకు సంగతి తప్ప. "ట్రస్టు వాళ్లు పదికి వస్తారు" అన్నారు, నాతో కాదు, తనలో తనే.

తొమ్మిదింబావుకే వచ్చేశారు కండువా అతనూ, అతని వాళ్లూ. చెప్పిన టైముకన్నా ముందే. తొమ్మిది మంది, ఒకడి చేతిలో మూతలేని డబ్బా. తారు వాసన నాదాకా వచ్చింది. జనం పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. డైరెక్టరు గారు ఎదురెళ్లి, "బయటి ఆర్టిస్టు చేసిన పొరపాటు, సరిచేయిస్తున్నాం" అన్నారు. మంచికే అన్నారు. కానీ నిచ్చెన మీదినుంచి రామాంజినప్ప కన్నడంలో పలికాడు.

"బయటివాడు కాదు స్వామీ. నేనే రాసినా. పదేండ్లుగా ఈ గోడల మీద ఉండే కన్నడమంతా నేనే రాసినా."

కండువా అతను తలెత్తాడు. "పదేళ్లు రాసినవాడివి, చెయ్యి తెలుగుకు ఎట్లా పోయింది?"

చెప్పాల్సింది నేను. నా రేకు, నా బతిమాలటం, నా నాలుగు మాటలు. అతను నావైపు తిరిగి, "మేడం, మీరూ తెలుగువారేనా?" అన్నాడు. నేను నోరు మెదపలేదు. తల కూడా ఊపలేదు. ఇన్నేళ్లలో నన్ను నేను అసహ్యించుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో అది మొదటిది.

"ఈ చెయ్యి మా నాయన దిద్దించినాడు" అన్నాడు రామాంజినప్ప పైనుంచి. "గోనె సంచుల మీద రాసేవాడు, తెలుగొక్కటే వచ్చు ఆయనకు. నాకు ఇంట్లో తెలుగు, ఇస్కూల్లో కన్నడం. నిన్న రెండూ కలిసిపోయినాయి. తప్పు నాది. తారు వేయల్లంటే నాకు వేయండి, ఈ బోర్డు పిల్లోళ్లది. పది నిమిషాలిస్తే దీర్ఘం పెడతా."

డబ్బా పట్టుకున్నవాడు ఒక అడుగు ముందుకేశాడు. కండువా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "రాయి, చూస్తాం" అన్నాడు.

పాతికమంది చూస్తుండగా, తారు వాసనలో, రామాంజినప్ప మళ్లీ కుంచె ముంచాడు. తడి తెలుపు మీద నీలం నిలవదు. అందుకని తక్కువ రంగుతో, ఊపిరి బిగబట్టి, సన్నగా లాగి, దాని మీద ఇంకోసారి లాగాడు. ముందు తలమీది గుర్తు. తర్వాత తోక. కొక్కెం కింద వంపు దగ్గర ఒక చుక్క జారింది, మణికట్టుతో ఆపాడు. తర్వాత 'ళ', కన్నడం ళ. బొమ్మ చెయ్యి తెగిపోయింది. అక్షరాల వెనక నీలం మరక అట్లాగే ఉంది. దగ్గరినుంచి చూస్తే అసహ్యంగానే ఉంది. కానీ అక్షరం మాత్రం కన్నడం.

కండువా అతను చదివాడు, పైకే, ఒక్కో అక్షరం. తర్వాత తనవాళ్లకు సైగ చేశాడు. పోతూ పోతూ డబ్బాను దూరంగా పెట్టమని ఒకణ్ణి కసిరాడు, పిల్లలున్నారని. వాళ్లు మలుపు తిరిగాకే నేను నిచ్చెన వదిలాను.

పదికి ట్రస్టు పెద్దలు వచ్చారు. జరిగింది విన్నారు, చప్పట్లు కొట్టారు, బొంగరాలు తిప్పారు. మధ్యాహ్నం ఒంటిగంటకు డైరెక్టరు గారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆయన ముందు ఒక తెల్లకాగితం.

"కమిటీకి రెండు మాటలు రాసివ్వాలి" అన్నారాయన. "రామాంజినప్ప గారూ, పాత అలవాటు వల్ల పొరపాటు జరిగింది, వెంటనే అందరి ముందూ సరిదిద్దారు. అంతే కదా? వాళ్లకు మీ ధైర్యం నచ్చింది. పోస్టుకు మీ పేరే రాస్తున్నాను."

రామాంజినప్ప చేతులు జోడించాడు. వేళ్ల సందుల్లో నీలం. డైరెక్టరు గారు రాసి, సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టారు. వ్యవహారం ముగిసిపోయింది. నేను నోరు మూసుకుని బయటికి నడిస్తే చాలు.

పొద్దున మూసుకున్న నోరే అప్పుడు నన్ను కాల్చేస్తోంది. ఆయన తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు, చచ్చిపోయిన తండ్రిని కూడా లాగాడు, నేను నిచ్చెన పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. ఇప్పుడైనా నిజం చెప్పకపోతే ప్రార్థనలో ఎట్లా కూర్చుంటాననిపించింది. "సార్, తప్పు ఆయనది కాదు, నాది" అనేశాను. రామాంజినప్ప చటుక్కున నావైపు తిరిగాడు. నేను ఆగలేదు. రేకు, చర్చి, వేసవి తరగతులు, ఆయన చేతికి తెలుగు అలవాటు చేసింది నేనేనని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. చెబుతుంటే తేలికైపోయాను. డైరెక్టరు గారు బాగా మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను, ఎంత సిగ్గు లేకపోతే.

డైరెక్టరు గారు ఒకే ప్రశ్న అడిగారు.

"ఏ రంగుతో రాశారు?"

నాకు అప్పటికీ వెలగలేదు. "ఇదే నీలం సార్" అన్నాను.

"మ్యూజియం నీలమా? మ్యూజియంలో, పని వేళలో?"

రామాంజినప్ప తన చేతులకేసి చూసుకుంటున్నాడు. డైరెక్టరు గారు పెన్ను మూత మళ్లీ తీశారు. ఆయనకూ బాధగానే ఉందని చూస్తే తెలుస్తోంది. రాసిన కాగితాన్ని అడ్డంగా చింపి, ఇంకో కాగితం తీసుకున్నారు. పొరపాటుకైతే క్షమాపణ ఉంది, సంస్థ సామానుతో సొంతపనికి లేదు అన్నారు మెల్లగా. రేపటినుంచి రావద్దన్నారు.

వెనక వరండాలో ఆయన కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టుకుంటుంటే పక్కన నిలబడ్డాను. ఏడుస్తూనే, "మీమీద నింద పడకూడదనే చెప్పాను అన్నా" అన్నాను.

"పొద్దున నింద నాకు బరువు కాలేదమ్మా" అన్నాడాయన. "మా నాయన పేరు చెప్పినాంక ఎవురూ నన్ను దొంగ అనలేదు. చెప్పొద్దంటిని గదా. నువ్వు భయపడతావని అన్నాననుకుంటివా?"

సంచి భుజాన వేసుకుని గేటు దాటి, బోర్డు కిందనుంచే నడిచిపోయాడు. తలెత్తి చూడలేదు. సోమవారం నాకు మెమో ఇచ్చారు, పని వేళల్లో సొంత పనులు చేయించరాదని. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆయనకు మెమో కూడా లేదు. రోజుకూలీకి మెమోలు ఇవ్వరు, మల్లయ్య నోట్‌బుక్కులో ఆయన పేరు పక్కన ఆ రోజు టిక్కు పెట్టలేదు, అంతే.